మా సంఘం రిజిస్టర్లు మాకు తిరిగి ఇప్పించండి: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

పాత దస్త్రాలను స్కాన్ చేసి భద్రపరిచే పథకం సంగతి తమకు తెలియనిది కాదు గనుక దానిని మళ్లీ ఏకరువు పెట్టను. ఆ పథకం కింద మా మదనపల్లె క్రైస్తవ సంఘం నుంచి తీసుకువెళ్లిన బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లు, సంఘ పెద్దల తీర్మానాల పుస్తకాలు ఇంతవరకు తిరిగి రాలేదన్న ఒక్క విషయమే విన్నవించుకుంటున్నాను. నెల తిరిగేలోగా పుస్తకాలతో పాటు వాటి నకళ్లు కూడా చేతికిస్తామని, వచ్చిన అధికారులు మా పాస్టరు గారి ముందు, పెద్దల ముందు మాట ఇచ్చారు. ఆ మాట చెల్లలేదు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు పెట్టుకున్నాం, రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాం, పుస్తకాలు తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదు చూపించి బతిమాలాం. ఒక కార్యాలయం వారు పుస్తకాలు పైకి వెళ్లాయంటారు. పైవారు తమకు అసలు అందనేలేదంటారు.

అయ్యా, అవి ఎటువంటి పుస్తకాలో తమరు ఒక్కసారి ఆలకించాలి. అమెరికాలోని రిఫార్మ్డ్ సంఘం తరఫున స్కడ్డర్ సోదరులు 1853లో నెలకొల్పిన ఆర్కాటు మిషన్ మొదట్లో ఎక్కువగా తమిళ ప్రాంతంలోనే పనిచేసింది. డాక్టర్ జేకబ్ ఛాంబర్లేన్ 1863లో మదనపల్లెకు వచ్చి తెలుగువారి మధ్య పని ఆరంభించారు. మందులిచ్చారు, ఊరూరా తిరిగి బోధించారు, తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షులుగా ఉన్నారు. మా సంఘం నడిచినది ప్రెస్బిటేరియన్ పద్ధతిలో. అంటే బిషప్పు ఉండేవారు కాదు. సంఘస్థులు ఎన్నుకున్న పెద్దలే సంఘ కాపరితో, అంటే పాస్టరుతో, కలిసి కూర్చొని ప్రతి సంగతీ తీర్మానించి పుస్తకంలో రాసేవారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లలో ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని కొంతకాలం ఆపాలి, ఉపదేశి జీతానికి ఏ ఇంటి నుంచి పిడికెడు బియ్యం వచ్చింది, ఏ తగవు ఎట్లా తీరింది అన్నవన్నీ అందులో ఉన్నాయి. అంత వివరంగా రాసిపెట్టడం ఆ పద్ధతిలోనే ఉంది. 1908లో ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయినప్పుడు, 1947 సెప్టెంబరులో అది చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో చేరినప్పుడు పైపాలన మారింది గాని, మా బీరువాలో పుస్తకాలు మాత్రం కదలలేదు.

కరణం లెక్కల్లోకి భూమి ఉన్నవాడి పేరే ఎక్కేది. సెంటు నేల లేని దళితవాడల మనుషుల పేర్లు, వారి తండ్రుల పేర్లు, వారి పల్లెల పేర్లు రాతలోకి ఎక్కినది ఈ రిజిస్టర్లలోనే. 1876-78 నాటి కరవు ఈ ప్రాంతాన్ని ఎట్లా ఊడ్చిందో మా భూస్థాపన రిజిస్టరు చెబుతుంది. సిరా గోధుమరంగుకు తిరిగి, అంచులు ముట్టుకుంటే రాలిపోయే ఆ కాగితాల మీద, మామూలు ఏళ్లలో సగం పేజీ కూడా నిండని పేర్లు కరవు ఏళ్లలో పేజీలకు పేజీలు సాగుతాయి. ఒకచోట ఒకే తండ్రి పేరు కింద ముగ్గురు బిడ్డలు వరసగా ఉంటారు. మూడో బిడ్డ దగ్గర వయసు గడిని ఖాళీగా వదిలేశారు. ఆ పేజీని నేను నా చేతులతో తిప్పాను. ఈనాడు అది ఏ గోతాంలో, ఏ తేమ గోడ పక్కన చెదలకు ఆహారమవుతోందో తలచుకుంటే నిద్ర పట్టదు.

ప్రభుత్వ దస్త్రాల్లో వెతుక్కోండని కొందరు సలహా ఇచ్చారు. ఎక్కడ వెతకమంటారు? ఆ కరవు నాటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది, 2022లో అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది. 2024 జూలైలో సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయిన సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. కాగితం ఎంత తేలికగా బూడిదవుతుందో కళ్లారా చూసిన ఊరివాళ్లం మేము. అందుకే ఇంతగా భయపడుతున్నాం.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉన్నది. ఆధార్ కార్డులో వయసు తక్కువ పడినందువల్ల ఆమెకు పింఛను రాలేదు. పుట్టిన తేదీకి బాప్తిస్మ రిజిస్టరు నకలు తెస్తే సరిచేస్తామన్నారు. ఆ రిజిస్టరు సర్కారు వారి దగ్గరే ఉన్నదమ్మా అని చెబితే, అయితే మేమేమీ చేయలేమన్నారు. పుస్తకం తీసుకువెళ్లినదీ ప్రభుత్వమే, అది లేదని పింఛను ఆపినదీ ప్రభుత్వమే అయితే ఆ ముసలితల్లి ఎవరి గడప తొక్కాలి? ఆమె బతికి ఉండగానే దీనికి జవాబు దొరకాలి.

1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మా ఊరి థియోసాఫికల్ కళాశాలలో జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారని మదనపల్లెకు వచ్చిన ప్రతి నాయకుడూ సభలో చెబుతారు. చెప్పవలసిన మాటే, మాకూ గర్వమే. మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, క్షయరోగులకు ఊపిరి పోసిన ఆరోగ్యవరం కూడా ఈ ఊరివే. వాటి వెనుక నిలిచిన సామాన్య విశ్వాసుల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు, ఆ రిజిస్టర్లలో ఉన్నాయి.

మేము నిధులు అడగడం లేదు, భవనం అడగడం లేదు. మా పుస్తకాలు ఎక్కడ ఉన్నాయో విచారించి, ఉన్నవి ఉన్నట్టుగా మాకు తిరిగి ఇప్పించండి. స్కాన్ చేసి ఉంటే ఆ నకళ్లు ఇప్పించండి, చేయకపోతే చేయలేదనైనా రాతపూర్వకంగా తెలియజేయించండి. పాడైపోయి ఉంటే మిగిలిన కాగితాలైనా సరే, మూటగట్టి పంపించమనండి. వాటిని అతికించుకునే ఓపిక మా పెద్దలకు ఉన్నది. రసీదు నకలును ఈ లేఖతో జతపరుస్తున్నాను. ఈసారైనా దీనిని మళ్లీ కింది కార్యాలయానికి పంపకుండా, తమరే స్వయంగా చూడవలసిందిగా చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
మదనపల్లె సంఘ సభ్యుడు