అమ్మ ఇన్సులిన్ గురించి అక్కకు

అక్కకు నమస్కారాలు. బావగారిని అడిగానని చెప్పు. పిల్లలకు ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు అమ్మ ఇన్సులిన్ గురించే రాశావు. చదివి విసుక్కోవద్దని చివర్లో ఒక మాట కూడా చేర్చావు. విసుగెందుకక్కా? తొమ్మిదేళ్లుగా ఆ మందును కంటికి రెప్పలా చూసుకున్నదానివి నువ్వు. కారు వెనుక ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని మూడు వారాలు ఊళ్లు తిరిగే మా చేతికి దాన్ని అప్పగించాలంటే బెంగగానే ఉంటుంది. ఏమీ కాదులే అని ఒక్క మాటతో సరిపెట్టే ఉద్దేశం నాకు లేదు. ఏం ఏర్పాట్లు చేశామో అన్నీ రాస్తాను. అంతకన్నా ముందు, నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

నిరుడు చలికాలం మొదట్లో కొండల మీదికి వెళ్లి ఫొటోలు పంపాం, గుర్తుందా? ఆ ప్రయాణంలో నీ మరదలి ఇన్సులిన్ ఇంజెక్షన్ పెన్నులు ఐదు పాడైపోయాయి. ఎండకు కాదు, చలికి. పగలు ఎండ బాగా కాసిందని ట్రైలర్‌లోని ఫ్రిజ్ మీటను చివరికంటా తిప్పాను. పొద్దుగూకేసరికి బయట చలి బిగిసింది. మీటను వెనక్కి తిప్పాలన్న సంగతి నాకు తట్టలేదు. పైగా, అన్నిటికన్నా చల్లని చోటే మందుకు మంచిదనుకుని పెన్నుల డబ్బాను లోపలికి నెట్టి, వెనుక గోడకుండే అల్యూమినియం రేకులకు ఆనించి పెట్టాను.

తెల్లవారుజామున తీయబోతే డబ్బా అట్ట రేకులకు అతుక్కుని రాలేదు. ఒక పెన్ను మూత తీసి టార్చి వెలుగులో పట్టుకున్నాను. గాజు గొట్టంలో ఒక చివర నుంచి సగం దాకా సన్నటి మంచు పలుకులు, సూదులు పేర్చినట్టు ఉన్నాయి. అరచేతిలో పెట్టుకుంటే కాసేపటికి కరిగిపోయాయి. కరిగాక ఆ మందు ఎప్పటిలాగే తేటగా, ఏమీ జరగనట్టే ఉంది. అప్పుడు వేసిందక్కా నాకు భయం. నేను గంట ఆలస్యంగా లేచి ఉంటే, ఎండ ఎక్కి ఆ మంచు దానంతటదే కరిగిపోయేది. నీ మరదలు ఆ మందునే ఎక్కించుకునేది. చక్కెర ఎందుకు పెరుగుతోందో తెలియక తలలు పట్టుకునేవాళ్లం.

ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ చూడటానికి బాగున్నా పనిచేస్తుందని నమ్మకూడదు. కరిగించి వాడే మాటే లేదు, పారేయాలి. ఐదూ పారేశాం. వాడుకలో ఉన్న పెన్ను ఆమె చేతిసంచిలో విడిగా ఉండబట్టి, మందుల దుకాణమున్న ఊరు చేరేదాకా గడిచింది. చెబితే అమ్మను పంపవేమోనని నీ దగ్గర దాచాను. ఆ తప్పు తర్వాతే ఇవన్నీ నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు నీకు తెలియాలి.

ఇన్సులిన్‌కు ఎండ ఎంత చేటో గడ్డకట్టే చలి అంతకన్నా చేటు. వాడకం మొదలుపెట్టని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్నుకు ఫ్రిజ్ అక్కర్లేదు. అమ్మ మందుతో వచ్చిన కాగితాన్ని ఫొటో తీసి పంపావు కదా, అందులో తెరిచాక 30 డిగ్రీలు దాటని చోట 28 రోజులు ఉంచవచ్చని ఉంది. మందును బట్టి ఈ గడువు మారుతుంది కాబట్టి ఆ కాగితాన్ని కూడా డబ్బాలోనే పెట్టు. అంటే రోజూ వాడే పెన్ను గురించి మనం ఇంత కంగారు పడనక్కర్లేదు. కాపాడుకోవలసినవి మిగతావి. రోజుకు 24 యూనిట్ల చొప్పున అయితే 300 యూనిట్ల పెన్ను పన్నెండు రోజులు వస్తుంది. ప్రతిసారీ సూది సరిచూసుకోవడానికి వదిలే రెండేసి యూనిట్లు కూడా పోతాయి, అందుకని పదకొండు రోజులనే లెక్క వేసుకుందాం. మూడు వారాలకు రెండు చాలు. అయినా నాలుగు పంపు. రెండేసి చొప్పున రెండు వేర్వేరు చోట్ల ఉంచుతాను. ఒక చోట ఏదైనా జరిగినా రెండో చోట మందు ఉంటుంది.

ఇక మా ట్రైలర్‌లోని ఫ్రిజ్ సంగతి. ఇది ఇంట్లో ఉండే ఫ్రిజ్ లాంటిది కాదు, ఇందులో మోటారు ఉండదు. గ్యాస్ మంటతో చల్లబడుతుంది! మొదట్లో నేనూ నమ్మలేదు. మంట వేడికి నీటిలో కలిసి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి వెళుతుంది. అక్కడ చల్లబడి ద్రవంగా మారి, హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి జారి మళ్లీ ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ తర్వాత తిరిగి నీటిలో కలుస్తుంది. దీన్ని 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్సార్ ఫన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారు. అదే ఏడాది జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రవాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అమ్మను ఇన్నాళ్లుగా కాపాడుతున్న మందూ ఈ ఫ్రిజ్జూ ఒక్క ఏడాదివేనని తెలిశాక దాని మీద నాకు గౌరవం పెరిగింది. నమ్మకం మాత్రం పెరగలేదు.

ఎందుకంటే లోపలి ద్రవం దానంతటది కిందికి జారుతూ ఉంటేనే ఈ ఫ్రిజ్ పనిచేస్తుంది. ట్రైలర్ ఒక పక్కకు ఒరిగి నిలిచి ఉంటే ద్రవం ఎక్కడో ఆగిపోతుంది, చల్లదనం తగ్గిపోతుంది. అందుకే ఎక్కడ ఆగినా ముందు చక్రాల కింద చెక్కలు పెట్టి, మట్టపుబద్దతో చూసి ట్రైలర్‌ను సమం చేస్తాను. చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి ముందు రోజే వెలిగించాలి. పెట్రోలు బంకులోకి వెళ్లేముందు మంట ఆర్పాలి. బ్యాటరీ మీద నడిపిద్దామంటే గంటకు పది ఆంపియర్ అవర్లకు (బ్యాటరీలో కరెంటు నిల్వకు అదే కొలత) పైగానే తాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే, అది ఐదు గంటలు కూడా రాదు. ఎండ ముదిరితే ఈ ఫ్రిజ్ చతికిలబడుతుంది, రాత్రి చలి పెరిగితే గడ్డకట్టించేస్తుంది.

మాటవరసకు అనడం లేదు, కొలిచి చూశాను. అమ్మ ప్రయాణం ఖాయమనగానే నాలుగు రోజులు ఉత్తుత్తి ప్రయాణం పెట్టుకున్నాం. అసలు మందు కాకుండా, ఖాళీ పెన్నుల డబ్బాల్లో అతి తక్కువ, అతి ఎక్కువ ఉష్ణోగ్రతలు రెండూ గుర్తుంచుకునే చిన్న థర్మామీటర్లు పెట్టాను. ఒకే రాత్రి, అదే ఫ్రిజ్‌లో, వెనుక రేకుల దగ్గర సున్నాకు 1.4 డిగ్రీలు తక్కువ. తలుపు అరలో 9.6. రెండూ మందుకు పనికిరావు. మధ్య అర ముందు భాగం మాత్రం పరవాలేదు. ఫ్రిజ్ చల్లగా ఉంది కదా అనుకుంటే చాలదని అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఫ్రిజ్‌లో ఎక్కడ అన్నది కూడా చూడాలి.

ఇలా అవుతుందన్న అనుమానంతోనే మందుల కోసం వేరే చిన్న ఫ్రిజ్ పెట్టె ముందే కొని, ఆ ప్రయాణంలో దాన్నీ పరీక్షించాం. ఇందులో మోటారు ఉంటుంది, ఒరిగినా పనిచేస్తుంది, ఎన్ని డిగ్రీలు కావాలో అంకెల్లో పెట్టుకోవచ్చు. దాన్ని 5 మీద ఉంచాను. మోటారు ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి రోజంతా కలిపి 30 ఆంపియర్ అవర్లకు మించి తీసుకోలేదు. మంచి ఎండ కాస్తే 100 వాట్ల సోలార్ పలక దాదాపుగా అంత తిరిగి ఇచ్చేస్తుంది. నాలుగు రోజుల్లో మూడు రోజులు లోపల 3.1కి తగ్గలేదు, 6.4 దాటలేదు.

మిగిలిన ఆ ఒక్క రోజు సంగతి కూడా రాయాలి. గతుకుల దారిలో తీగ ఊడిపోయి మూడు గంటలు పెట్టెకు కరెంటు అందలేదు. లోపల నీళ్ల సీసాలు నింపి పెట్టడం వల్ల 8.7 దగ్గర ఆగింది. ఖాళీగా ఉంటే ఇంకా పైకి పోయేది. ఇప్పుడు ఆ తీగకు బిగింపు వేశాను. హద్దు దాటితే ఫోనుకు కబురు పంపే చిన్న పరికరం ఒకటి పెన్నుల పక్కనే పెట్టాను. నీళ్ల సీసాలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. గడ్డకట్టిన మంచు ప్యాకెట్లు మాత్రం పెన్నులకు తగలనివ్వను.

పగలు దిగి నడిచేటప్పుడు అమ్మ వాడే పెన్ను ఆమెతోనే వస్తుంది. మూసిన కారులో వదలం. బయట హాయిగా ఉన్న రోజున కూడా గంటలో లోపల ఇరవై డిగ్రీలు పెరిగిపోతుంది. ఆ పెన్ను కోసం నీటిలో నానబెట్టే గుడ్డ సంచి తెచ్చాం. కొద్ది నిమిషాలు నానబెడితే ఆ గుడ్డ లోపలుండే పలుకులు ఉబ్బి జిగురుగా అవుతాయి. ఆ తడి ఆరుతూ ఉన్నంతసేపు లోపల చల్లగా ఉంటుంది, కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. గాలి తగలాలి, అందుకని బ్యాగు అడుగున కుక్కకూడదు. ఉక్కపోతగా ఉన్న రోజున దీని మీద ఆశ పెట్టుకోను.

అమ్మ కంటి చుక్కల గురించి అడిగావు. లాటనోప్రోస్ట్ సీసా తెరవకముందు ఫ్రిజ్‌లోనే ఉండాలి. తెరిచాక 25 డిగ్రీల లోపు ఆరు వారాలు బయట ఉంచవచ్చు. చక్కెర చూసే పట్టీలు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. తేమ తగిలితే తప్పు లెక్క చూపిస్తాయి. వాటిని వాటి డబ్బాలోనే, మూత గట్టిగా బిగించి పంపు.

నీ వైపు నుంచి కావలసింది ఇది. విమానంలో ఇన్సులిన్ మొత్తం అమ్మ చేతిసంచిలోనే ఉండాలి. సామాను అరలోకి వెళ్లే పెట్టెలో ఒక్క పెన్ను కూడా వద్దు, అక్కడ గడ్డకట్టవచ్చు. డాక్టరుగారి చీటీ మీద కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాయించు. దాని నకలు నాకు పంపు. అమ్మకు ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. విమానంలో సిబ్బంది మందును ఫ్రిజ్‌లో పెడతామన్నా ఇవ్వవద్దని, తన దగ్గరే ఉంచుకోమని రెండుసార్లు చెప్పు.

ఇంకొకటి. కొత్త పెన్ను తెరిచినప్పుడల్లా తెల్ల పట్టీ మీద తేదీ రాసి అతికిస్తావు కదా, ఆ పట్టీ చుట్ట కూడా పంపు. అమ్మ దాన్ని చూసుకోకుండా పెన్ను చేతిలోకి తీసుకోదని నాకు తెలుసు. బయలుదేరే రోజున తెరిచే పెన్ను మీద నువ్వే రాసి పంపు. ఆ తర్వాతి దాని మీద నేను రాస్తాను.

నీ తమ్ముడు