మెడా, మేడా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ బావా,

ఫోన్‌లో నువ్వడిగిన దానికి ఏదో పైపైన చెప్పి తప్పించుకున్నాను. నిజానికి అది చెప్పుకోవాలంటే బోలెడుంది. మీ పాపకి నాలుగేళ్లు నిండాయి, అక్షరాలు ఎలా మొదలుపెట్టాలి అనే కదా అడిగావు? మా అరుగు మీద నేను పడ్డ పాట్లు రాస్తున్నాను, నీకు పనికొచ్చేవి ఏరుకో.

సాయంత్రం ఆరింటికి తొమ్మిది మంది గుంటలు వస్తారు. అందరికీ బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఒకడికి మాత్రం తల్లి ఒడియా ఆవిడ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు ఉండిపోయింది. ఆ గీత ఇప్పటికీ పిల్లల పలకల మీద కనబడుతుంది.

మొదటి నెల నా ఘనకార్యం విను. గోడకి చార్టు తగిలించి ‘కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి’ అని వల్లె వేయించాను. వీధి చివరిదాకా వినబడుతుంటే మురిసిపోయాను. ఓ రోజు చార్టు మధ్యలో వేలు పెట్టి ‘ఇదేటిరా?’ అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకడు మాత్రం ‘మొదట్నుంచి రానీండి మాస్టారూ, వస్తాది’ అన్నాడు. వాణ్ణి ఏమంటాం, ఏడెనిమిదులెంతో చెప్పాలంటే నువ్వూ ఏడొకట్ల నుంచే కదా మొదలెట్టేవాడివి!

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మనకి ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. ఒడియాలో ఈ జంటలకి ఒక్కో అక్షరమే. పైగా మన ‘క’ని వాళ్లు ‘కొ’కి దగ్గరగా పలుకుతారు. మా పిల్లలు మాట్లాడేటప్పుడు నెల, నేల సరిగ్గానే అంటారు, చదవమంటే మాత్రం రెండూ ఒకటే. తేడా నాలుక మీద ఉంది, కంటిదాకా రావడం లేదు. అందుకని చార్టు తీసేసి పాట కట్టాను:

మేడ మీద మేక
మెడకు పూల రేక
నేల మీద ఏరు
నెలకొక్క పేరు

నవ్వకు. అర్థం లేదని నాకూ తెలుసు. పొట్టి అక్షరానికి ఒక చప్పట్లు, దీర్ఘానికి చేతులు రెండూ బార్లా చాపడం, అంతే ఆట. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు అని మన తెలుగు మాస్టారు బెత్తం పుచ్చుకుని చెప్పింది ఇదే కదరా! మేడకీ మెడకీ ప్రాస కుదరదని నువ్వు తగువుకొస్తావు. నిజమే, ప్రాసకి ముందక్షరం ఒకచోట గురువైతే అన్నిచోట్లా గురువే కావాలి. కానీ నాకు కావలసింది సరిగ్గా ఆ కుదరకపోవడమే. అక్కడే పిల్లలు తడబడి, నవ్వి, మళ్లీ వింటారు. రెండు వారాలు పలక ముట్టలేదు. పిల్లల చెవి పట్టుకున్నాకే ఎత్వం, ఏత్వం రాయించాను.

ఒడియా తల్లి కొడుకుది వేరే గొడవ. ఒడియాలో మన ‘వ’ బ అయిపోతుంది. వాడు ‘మాస్టారూ, బాన వచ్చింది’ అంటే మిగతావాళ్లు పడీ పడీ నవ్వారు. వాడు రెండు రోజులు రాలేదు. మూడో రోజు వాడి కోసమే ‘వాన వచ్చె వాగు నిండె, బాన తెచ్చి బయట పెట్టు’ అని కట్టాను. వకి కింది పెదవి పళ్లకి ఆనుతుంది, బకి పెదాలు రెండూ మూసుకుంటాయి. అద్దం తెచ్చి చూపించాను. ఇప్పుడు అద్దం కోసం అందరూ కొట్టుకుంటున్నారు.

పాటలోనూ ఒక మోసం ఉంది, జాగ్రత్త. ఒక పిల్ల బోర్డు మీద వేలు పెట్టి గడగడా చదివేస్తోంది. అనుమానం వచ్చి ‘మేక’ చెరిపి ‘కోడి’ రాశాను. అయినా ‘మేడ మీద మేక’ అనే అంది! నోటికొచ్చింది తప్ప చదవలేదు. అప్పటినుంచి పాట అయ్యాక మాటల్ని చీటీలుగా చింపి కలిపేసి, ఒక్కోటి తీయమంటున్నాను.

మీ పాపకి ఇంగ్లీషు కూడా మొదలుపెడతారుగా, అక్కడ ఇంకో తిరకాసు. మనకి అక్షరం పేరే దాని శబ్దం. వాళ్లకి డబ్ల్యూ పేరులో ‘వ’ వెతికినా దొరకదు. సీ, ఏ, టీ కలిపితే క్యాట్ ఎలా అయిందని పిల్ల అడిగితే తిట్టకు, తప్పు పిల్లది కాదు. పేర్లు తర్వాత, ముందు శబ్దాలే నేర్పమను.

గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్తూ, సవర గిరిజనుల మాట నేర్చుకుని వాళ్ల పిల్లలకి సవరలోనే పుస్తకాలు రాశారు. ఆయన ముందు విన్నారు, తర్వాత రాశారు. నేను చార్టుతో మొదలెట్టి, నెల పోగొట్టుకుని అక్కడికొచ్చాను.

నిన్న మా బాన గుంటడి తల్లి తీసుకెళ్లడానికి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని ‘మెడ’కి ఒక చప్పట్లు కొట్టి, ‘మేడ’కి చేతులు చాపుకుంటోంది. నేను తల తిప్పుకున్నాను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పాపని తీసుకుని దసరాకి రండి. వచ్చేటప్పుడు రంగు సుద్దముక్కలు రెండు పెట్టెలు తే, ఇక్కడివి గీస్తే పిండి రాలిపోతున్నాయి.

నీ
పర్లాకిమిడి బావ