మాజీ సైనికులను నిద్ర గురించి కూడా అడగండి

సంపాదకులు గారికి,

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. డెల్టాలో మిగతా ఊళ్ల నుంచీ సైన్యంలోకి వెళ్లినవాళ్లు చాలామందే. పింఛనుతో ఇంటికొచ్చాక వాళ్లలో ఎవరైనా తాగుడులో కూరుకుపోతే "మిలిటరీ అలవాటు" అని తేల్చేస్తాం.

మా చిన్నాన్న 1987లో శాంతి సేనతో శ్రీలంక వెళ్లాడు. తిరిగొచ్చాక దీపావళి నాడు ఇంట్లో ఉండేవాడు కాదు, చేపల చెరువు గట్టు మీది కాపలా షెడ్డుకు వెళ్లిపోయేవాడు. అర్ధరాత్రి లేచి తలుపు గడియలు తడిమి చూసేవాడు. మందు పడితేనే కన్ను మూతపడేది. పిన్ని బతిమాలి అయ్యప్ప మాల వేయించింది. మాలలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు, కంటి నిండా నిద్రా పోలేదు. మాల తీశాక మళ్లీ మొదలు. ఇంటిల్లిపాదీ మందు గురించే గొడవపడ్డాం.

యుద్ధం మిగిల్చే ఈ మానసిక గాయాన్ని పీటీఎస్‌డీ అంటారు. వియత్నాం నుంచి వచ్చిన సైనికుల అవస్థ చూశాకే అమెరికా మానసిక వైద్యులు 1980లో దీన్ని తమ వ్యాధుల జాబితాలో చేర్చారు. పీడకలలు, ఉలికిపాటు భరించలేక చాలామంది తాగుతారు. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది కానీ తెల్లవారుజామున ఆ నిద్రనే చెడగొడుతుంది. మత్తు దిగాక ఆందోళన ఇంకా పెరుగుతుంది. అందుకే "ముందు తాగుడు మానుకుని రా, తర్వాత చూద్దాం" అంటే కుదరదు, రెండింటికీ కలిపి వైద్యం చేయాలి. ఇంకో మాట ఇంటివాళ్లకు: ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

మాజీ సైనికులకు వైద్యం చేసే ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో బీపీ, షుగర్ చూస్తారు. "రాత్రి నిద్ర పడుతోందా, పాత సంగతులు కలలోకొస్తున్నాయా?" అని కూడా అడగాలి. పక్కన భార్య ఉంటే ఆమెనూ అడగాలి, ఆయన చెప్పనిది ఆమె చెబుతుంది. నెలనెలా మిలిటరీ క్యాంటీన్‌లో మద్యం కోటా అందించగలిగినప్పుడు, నెలకోసారి మానసిక వైద్యుణ్ణి పాలీక్లినిక్‌కు పంపడం అసాధ్యమేమీ కాదు.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును క్యాంటీన్ కౌంటర్ దగ్గర, లైఫ్ సర్టిఫికెట్లు తీసుకునే చోట పెద్ద అక్షరాలతో రాయించాలని జిల్లా సైనిక సంక్షేమ అధికారులను కోరుతున్నాను.

– ఒక మాజీ సైనికుడి అన్న కూతురు, తణుకు