స్పీడు వస్తోందండీ, ఆటే సాగడం లేదు: కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి గారికి,

బెంగళూరులో ఉంటూ ఆన్‌లైన్ మల్టీప్లేయర్ ఆటలు ఆడే తెలుగువాళ్లం నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. మీరు గుంటూరు నుంచి గెలిచి దిల్లీ వెళ్లినవారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాం. ఇంగ్లిష్‌లో పెట్టుకున్న అర్జీల గతి ఏమైందంటే, మొదట “మీ ఫిర్యాదు సంబంధిత విభాగానికి పంపబడింది” అని ఒక మెసేజ్ వచ్చింది, తర్వాత “పరిష్కరించబడింది” అని ఇంకొకటి. మధ్యలో ఏం జరిగిందో ఆ మెసేజ్‌లు పంపినవాళ్లకే తెలియాలి.

మా గోడు ఒక్కటే. మా కనెక్షన్‌లో స్పీడు ఉంది. ఆటకు కావాల్సింది స్పీడు కాదు. ఈ ముక్క వినే నాథుడు దొరకడం లేదు.

200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా షూటింగ్ ఆట అందులో ఒకటి రెండు ఎంబీపీఎస్ వాడితే గొప్ప. దానికి కావాల్సింది పింగ్ (కబురు సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) తక్కువగా ఉండటం, అది ఊగకుండా (ఆ ఊగుడే జిట్టర్) నిలకడగా ఉండటం, దారిలో ప్యాకెట్లు, అంటే ఆ కబురు ముక్కలు, పోకపోవడం (పోతే అది లాస్). వాలరెంట్ అనే షూటింగ్ ఆట సర్వర్ సెకనుకు 128 సార్లు ఆటగాళ్ల లెక్క చూసుకుంటుంది, అంటే 7.8 మిల్లీసెకన్లకు ఒకసారి. 30 దగ్గర ఉన్న పింగ్ ఒక్క క్షణం 180కి ఎగిరిందంటే దాదాపు 20 లెక్కలు మనిషి లేకుండానే జరిగిపోయినట్టు. తెర మీద గోడ చాటుకు చేరినవాడు సర్వర్ లెక్కలో ఇంకా వీధిలోనే నిలబడి ఉంటాడు. కాల్చేస్తారు. సినిమాకైతే నాలుగు ప్యాకెట్లు పోయినా మళ్లీ తెప్పించుకుంటుంది, ముందే కొంత దాచుకుని ఉంటుంది కాబట్టి మనకు తెలియను కూడా తెలియదు. ఇలాంటి ఆటలు యూడీపీ మీద నడుస్తాయి, అది పోయినదాన్ని మళ్లీ పంపని పద్ధతి. పోయిన ప్యాకెట్ పోయినట్టే, మళ్లీ తెప్పించుకున్నా అది పాతబడిపోయిన కబురు.

ఇదంతా ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్లో చెబితే వచ్చే మొదటి మాట, “రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్.” రెండోది, “స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పెట్టండి సార్.” మూడో రోజు పొద్దున 11 గంటలకు టెక్నీషియన్ వస్తాడు. రాత్రి 9కి వచ్చే జబ్బుకు పొద్దున 11కి వైద్యం. రౌటర్ పక్కనే నిలబడి తన ఫోన్లో స్పీడ్ టెస్ట్ నొక్కుతాడు. ఆ టెస్ట్ వెళ్లేది చాలాసార్లు ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే ఉన్న సర్వర్‌కు, అదీ ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి. ముల్లు 200 దాటగానే ఫొటో తీసుకుని, “వస్తోంది కదా సార్, ఓటీపీ చెప్పండి” అంటాడు. ఆ ఓటీపీ చెబితే ఫిర్యాదు మూసేసినట్టు. చెప్పకపోతే, “నాకు టార్గెట్ ఉంటుంది సార్, చెప్పండి సార్” అని బతిమాలతాడు. అతని మీద మాకేం కోపం లేదు. అతని యాప్‌లో ‘పింగ్ పెరుగుతోంది’ అని రాసుకునే గడే లేదు, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు?

మీ ఇంట్లోనే తప్పుందేమో చూసుకోండి అంటారని, చూసుకునే వస్తున్నాం. వైఫై పక్కనపెట్టి క్యాట్ 6 కేబుల్‌తో కంప్యూటర్‌ను నేరుగా రౌటర్‌కు కలిపాం. ఎందుకంటే మారతహళ్లి పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సంగతి మీకు తెలియంది కాదు, ఉన్న మూడు శుభ్రమైన చానళ్లు 1, 6, 11 మీదే అంతస్తుకు పది రౌటర్లు ఎక్కి కూర్చుంటాయి. ముందు రౌటర్ సొంత చిరునామా 192.168.1.1కి పింగ్ కొట్టి చూశాం. కేబుల్ మీద అది 1 మిల్లీసెకను దాటకూడదు, దాటితే తప్పు మాదే. తర్వాత అప్‌లోడ్ నిండిపోతోందా అని చూశాం. ఒక్క ఫోన్ ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే చాలు, రౌటర్ బఫర్లో క్యూ పెరిగి పింగ్ 20 నుంచి 300కి పోతుంది. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (ఆ క్యూ పెరగకుండా చూసే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, లైన్ స్పీడులో 85 నుంచి 90 శాతానికి కట్టేస్తే అది కుదురుకుంటుంది. కంపెనీ ఇచ్చే రౌటర్లలో ఆ మీట ఉండదు, సొంతంగా కొనుక్కున్నవాళ్లకే ఆ భాగ్యం. ఇక ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) పేజీలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే అందుతున్న కాంతి బలం, చూశాం. అది మైనస్ 27 డీబీఎం కంటే కిందికి పోయిందంటే ఎక్కడో తీగ మడత పడింది, లేదా కనెక్టర్ మొనకు మురికి పట్టింది. ఆ మొనను చొక్కా అంచుతో తుడిచి మళ్లీ గుచ్చే టెక్నీషియన్లు ఉన్నారు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. చెట్టు కొమ్మల మీదుగా లాగిన ఫైబర్ తీగకు వానొస్తే ఏమవుతుందో బెంగళూరులో అందరికీ తెలిసిందే.

ఇవన్నీ సరిచూసుకున్నాకే విన్‌ఎంటీఆర్ అనే ప్రోగ్రామ్ పెట్టి, ఆట సర్వర్ దాకా ఒక్కో మజిలీ, అంటే దారిలో తగిలే ఒక్కో రౌటర్ లెక్క తీశాం. మధ్యలో ఒక్క మజిలీలో 40 శాతం లాస్ చూపించి ఆ తర్వాత సున్నా అయితే అది లాస్ కాదు, ఆ రౌటర్ పింగ్‌కు జవాబివ్వడానికి బద్ధకిస్తోందంతే. ఒక మజిలీలో మొదలై చివరిదాకా అలాగే సాగితేనే నిజమైన లాస్. ఈ తేడా తెలిసి, రాత్రి 9 గంటల లెక్క, పొద్దున 6 గంటల లెక్క పక్కపక్కన పెట్టి పంపితే, “ఇది మా పరిధిలోకి రాదు” అని జవాబు. రెండో మజిలీ, అంటే కంపెనీ సొంత గేట్‌వే, రాత్రిపూట 3 నుంచి 70కి పోతుంటే అది ఎవరి పరిధి స్వామీ? ఒక జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) పోర్టులో కిందికి వచ్చేది దాదాపు 2.5 గిగాబిట్లు, దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, పైకి తీసుకెళ్లే లింకు అంతకన్నా ఇరుకు. సాయంత్రం అందరూ ఇల్లు చేరగానే అక్కడ క్యూ కట్టక ఏమవుతుంది?

దారి సంగతి ఇంకా బాగుంటుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్నుంచి ఆట సర్వర్ ఉన్న ముంబయి దాదాపు 1,000 కిలోమీటర్లు, వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు. మధ్యలో రౌటర్లకు ఇంకో 10, 15 వేసుకున్నా 25కి తేలాలి. ఒక్కో రాత్రి 120 చూపిస్తుంది. ట్రేస్ (ప్యాకెట్ వెళ్లిన దారి జాబితా) తీస్తే మజిలీల పేర్లలో సింగపూర్ కనబడుతుంది! కంపెనీకీ ఆట సర్వర్ ఉన్న నెట్‌వర్క్‌కూ ఇక్కడ నేరుగా పీరింగ్, అంటే ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే లింకు, లేకపోతే, ఉన్నా ఆ లింకు నిండిపోతే, ప్యాకెట్ చెన్నై దగ్గర సముద్రంలోకి దిగి సింగపూర్ చూసుకుని ముంబయి చేరుతుంది. ఒక్కోసారి వెళ్లేటప్పుడు తిన్నగానే వెళ్లి, వచ్చేటప్పుడు మాత్రం చుట్టు తిరిగొస్తుంది. అప్పుడు మా వైపు నుంచి ట్రేస్ తీస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. అది కంపెనీవాళ్లే తమ రౌటర్ల మీద చూడాలి. దేశంలో ట్రాఫిక్ దేశంలోనే చేతులు మారాలని 2003లో నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా) పెట్టింది ఇందుకే కదండీ?

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి సీజీనాట్, అంటే ఒకే బయటి చిరునామాను కంపెనీ చాలామందికి పంచడం. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనైనా మొదలైతే, మీకు సొంత చిరునామా లేదని అర్థం. వందలమందిని ఒకే పబ్లిక్ ఐపీ వెనక కుక్కారు. ఐపీవీ4 (పాత పద్ధతి) చిరునామాలు కరువయ్యాయి, నిజమే, ఆ మాట మేమూ ఒప్పుకుంటాం. కానీ అమ్మేటప్పుడు ఎందుకు చెప్పరు? ఆటలో ‘నాట్ టైప్ స్ట్రిక్ట్’ అని, అంటే బయటివాళ్లు మమ్మల్ని నేరుగా చేరలేరని, వస్తుంది, స్నేహితుడి లాబీలోకి చేరలేం, పార్టీ చాట్‌లో గొంతు వినబడదు. యూట్యూబ్‌లో చూసి రౌటర్‌లో 3074 పోర్టు (కనెక్షన్ వచ్చిపోయే ద్వారం) ఫార్వర్డ్ చేసుకున్న కుర్రాళ్లు ఎంతమందో. మన రౌటర్‌లో తలుపు తెరిచి ఏం లాభం, వీధి గేటు తాళం కంపెనీ దగ్గరుంటే? అది చాలదన్నట్టు ఒక్క పబ్లిక్ ఐపీకి ఉండేవి 65,536 పోర్టులు. 64 మందికి పంచితే మనిషికి 1,024. పీజీలో ఒక్క కనెక్షన్ మీద ముప్ఫై గదులు, గదికి ఇద్దరు, ఒక్కో ఫోన్ పదుల కొద్దీ కనెక్షన్లు తెరుస్తుంది. రాత్రికి పోర్టులు అయిపోతాయి. వాట్సాప్ నడుస్తూనే ఉంటుంది, కొత్త మ్యాచ్ మాత్రం దొరకదు. ఖాళీగా ఉన్న యూడీపీ మ్యాపింగ్‌ను, అంటే ఒకరికి కేటాయించిన పోర్టును, 2 నిమిషాల లోపు తీసేయకూడదని ఇంటర్నెట్ ప్రమాణం చెబుతోంది. 30 సెకన్లకే తీసేసేలా పెడితే, లాబీలో ఎదురుచూస్తున్నవాడు బయటపడతాడు. ఐపీవీ6 (చిరునామాల కొత్త పద్ధతి) ఇచ్చాం కదా అంటారు. అవతల ఆట సర్వర్‌కు ఐపీవీ6 లేకపోతే దాన్నేం చేసుకోవాలి?

స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) కొనుక్కోమంటారు, నెలనెలా అదనంగా కట్టి. సరే, అదీ చేద్దామంటే పీజీలో కనెక్షన్ యజమాని పేరు మీద ఉంటుంది. ఫిర్యాదు పెట్టాలన్నా ఆయన నంబర్ నుంచే, ఓటీపీ వచ్చేదీ ఆయనకే. ఆయనేమో నెల్లూరులో ఉంటాడు. డబ్బు కట్టేది మేము, వినియోగదారుడు ఆయన.

2023లో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మార్చి 512 కేబీపీఎస్‌ను 2 ఎంబీపీఎస్ చేశారు. సంతోషం. అక్కడా స్పీడే. 2024 నాణ్యతా నిబంధనల్లో తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కు జాప్యం 50 మిల్లీసెకన్లు దాటకూడదన్నారు. ఇంకా సంతోషం. కానీ అది సగటు లెక్కయితే, తెల్లవారుజామున 3 గంటలకు అందరూ నిద్రపోతున్నప్పటి 5 మిల్లీసెకన్లు రాత్రి 9 గంటల పాపాలన్నీ కడిగేస్తాయి. కంపెనీ రిపోర్టు పచ్చగా ఉంటుంది, మేం ఎర్రగా ఉంటాం. అప్పీలుకు వెళ్దామంటే దాన్ని తేల్చడానికి 39 రోజుల గడువు. ఈలోపు టోర్నమెంటు క్వాలిఫయర్లు అయిపోయి కప్పు ఎవరో ఒకరు పట్టుకెళ్లిపోతారు.

2022 డిసెంబర్‌లో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖకు అప్పగించారు, 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలోనూ దానికి గుర్తింపు ఇచ్చారు. ఆసియా క్రీడల్లో పతకాలు తెమ్మంటున్నారు. తెస్తాం సార్, ముందు మ్యాచ్‌లోంచి డిస్‌కనెక్ట్ కాకుండా చూడండి. ర్యాంక్‌డ్ మ్యాచ్ మధ్యలో లైన్ తెగితే ఆట మమ్మల్ని పారిపోయినవాళ్ల కింద లెక్కగట్టి శిక్ష వేస్తుంది. కంపెనీకి మాత్రం ఏ శిక్షా ఉండదు.

అడుగుతున్నవి కొత్తవేం కావు. ఫిర్యాదుల జాబితాలో స్పీడుతో పాటు పింగ్, జిట్టర్, లాస్‌కు వేరే గడులు పెట్టించండి. కొలత రాత్రి 8 నుంచి 11 మధ్య విడిగా తీయించండి. సీజీనాట్ ఉందో లేదో, మనిషికి ఎన్ని పోర్టులిస్తారో ప్లాన్ కాగితం మీదే అచ్చు వేయించండి. కట్టేది మేమే అని రుజువు చూపిస్తే పీజీలో ఉన్నవాడి ఫిర్యాదు కూడా తీసుకునేలా చేయండి. పింగ్, జిట్టర్, లాస్‌కు గడి పెట్టించండి అని ఇంకోసారి అడుగుతున్నాం, మొదటిసారి చెబితే ఎవరికీ వినబడదని అనుభవం మీద తెలిసింది. ట్రేస్ పంపినవాళ్లకు ట్రేస్ చదవగలిగిన మనిషితోనే జవాబు ఇప్పించండి. ఓటీపీ అడిగేది జబ్బు కుదిరాక, కుదరకముందు కాదు.

ఏరియా వారీగా, గంటల వారీగా విన్‌ఎంటీఆర్ ఫైళ్లు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పోర్టల్‌లో జతచేద్దామంటే ఫైలు సైజు ఎక్కువైందని తిప్పి పంపుతోంది. ఏ మెయిల్‌కు పంపమంటారో మీ కార్యాలయం నుంచి ఒక్క ముక్క చెప్పించగలరు.

ఇట్లు,
మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ తెలుగు ఆటగాళ్లు,
బెంగళూరు