మీ పాత డాంబర్ మీకే అమ్ముతున్నామా?

ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు మొన్న వాట్సాప్‌లో అడిగారు: "మా రోడ్డే గీకి, కాస్త నలుపు కలిపి, మళ్లీ మాకే బిల్లేస్తున్నారా?" కోపం రాలేదంటే అబద్ధం. కానీ పోయిన నవంబర్లో మేం నిజాంపేటలో చేసిన పని చూసినవాళ్లకు అలా అడిగే హక్కుంది. అందుకే కస్టమర్లందరికీ కలిపి రాస్తున్నా.

ముందు ఆ నిజాంపేట సంగతి. మిల్లింగ్ మెషిన్ గీకి తీసిన పాత మెటీరియల్‌ని మేం ర్యాప్ అంటాం, దాన్ని కొత్త మిక్స్‌లో 30 శాతం కలిపించాం. శాతంతో పెద్ద ఇబ్బంది లేదు, ఇబ్బందంతా తడితోనే. అక్టోబర్ వానలకు కుప్ప నానిపోయింది, టార్పాలిన్ కప్పించాల్సింది నేనే, కప్పించలేదు. ప్లాంట్‌లో వేడంతా ఆ నీళ్లు ఆవిరి చేయడానికే పోయింది. పగలు సిటీలోకి లారీలను రానివ్వరు కాబట్టి రాత్రి పని, మళ్లీ దారిలో చివరి టిప్పర్ ఇరుక్కుపోయింది. వీజీ-30 అనే రకం తారు కలిపిన మిక్స్ పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలుండాలి, 90కి దిగేలోపు రోలింగ్ అయిపోవాలి. ఆ టిప్పర్‌లో థర్మామీటర్ పెడితే 118. వెనక్కి పంపాల్సింది. రాత్రి రెండైంది, లేబర్ అప్పటికే అలిసిపోయి ఉన్నారు, పరిచేశాం.

సంక్రాంతికల్లా గేటు దగ్గర వాటర్ ట్యాంకర్లు తిరిగే మలుపులో కంకర లేచిపోయింది. ఫిబ్రవరిలో ఆ ముక్కంతా తీసి మా ఖర్చుతోనే మళ్లీ వేశాం.

మరి ఇంత జరిగాక కూడా ర్యాప్ ఎందుకంటే, కంకరకు ముసలితనం రాదండీ. ఎండకు, గాలికి గట్టిపడి పెళుసెక్కేది దాని చుట్టూ ఉన్న తారే. టన్ను మిక్స్‌లో తారు సుమారు 50 కిలోలుంటుంది. ఆ టన్నులో 20 శాతం ర్యాప్ వేస్తే దాదాపు 190 కిలోల కంకర క్వారీ నుంచి తెచ్చే పని తప్పుతుంది, తొమ్మిది పది కిలోల పాత తారు కలిసొస్తుంది. అది పెళుసుగా ఉంటుంది కాబట్టి, ర్యాప్ ఎక్కువ వేస్తే మెత్తటి తారో, పాతదాన్ని మెత్తబరిచే రిజువనేటరో కలపాలి. ఇదేం మా సొంత ప్రయోగం కాదు, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120 పేరుతో దీనికి పద్ధతి రాసి పెట్టింది.

అసలు నాకు నచ్చే లాభం వేరే. పాత రోడ్డు తీయకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు లెవెల్ పెరుగుతుంది, మీ గేటు కిందికి పోతుంది, నాలుగు చినుకులు పడితే నీళ్లన్నీ సెల్లార్లోకే. గీకి వేస్తే లెవెల్ అక్కడే ఉంటుంది.

రేటు మాటకొస్తే, మీరు ఆశించినంత తగ్గదు. ఆయిల్ కంపెనీలు తారు ధర నెలకు రెండుసార్లు మారుస్తాయి, అది పెరిగినప్పుడు ర్యాప్ వల్ల కాస్త మిగులుతుంది. చిన్న గల్లీలో పనైతే మిల్లింగ్ మెషిన్ అద్దెకే ఆ మిగిలింది పోతుంది, అలాంటి చోట కొత్త మిక్సే తీసుకోమని నేనే చెప్తాను.

ఇకనుంచి 20 శాతం దాటం. ట్యాంకర్ మలుపుల్లో, సెల్లార్ ర్యాంపుల మీద అసలు వాడం. కుప్ప ఇప్పుడు షెడ్డు కింద ఉంది, ప్రతి పనికి ముందు ర్యాప్‌లో తారు ఎంతుందో ల్యాబ్‌లో తీయించి ఆ కాగితం బిల్లుతో పాటు ఇస్తాం.

జూన్‌లో వానలు మొదలైతే డాంబర్ పని ఆపేస్తాం, కాబట్టి ఈలోపే చెప్పండి. పని రోజు థర్మామీటర్ మీ వాచ్‌మన్ చేతికే ఇస్తాను. 140 కంటే తక్కువ చూపిస్తే టిప్పర్‌ని గేటు దాటనివ్వొద్దని ఆయనకు చెప్పి ఉంచండి, నేను బతిమాలినా సరే.