క్లచ్ సంగతి తర్వాత, ముందు నా ఫిర్యాదుకు జవాబు చెప్పండి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: బాగు చేయకుండానే మీరు మూసేసిన నా ఫిర్యాదు

అయ్యా,

"మీ ఫిర్యాదు పరిష్కారమైంది, ధన్యవాదాలు" అని మీ కంపెనీ నుంచి నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారండీ? ఏ వర్క్‌షాపులో? కారు మా ఇంటి ముందే ఉంది. క్లచ్ తొక్కితే పెడల్ నేలకు అంటుకుపోతోంది, బూటు మొన పెట్టి పైకి లేపితే గానీ రావడం లేదు. రివర్స్ వేస్తే గేర్లు కరకరమంటున్నాయి. ఇంట్లో అందరం చూస్తుండగా కదలని కారు మీ కంప్యూటర్‌లో మాత్రం ఎలా బాగైపోయిందో నాకు అర్థం కావడం లేదు.

ముందే ఒక మాట చెబుతాను. కారుకు లోపం వచ్చినందుకు నాకు కోపం లేదు. యంత్రమన్నాక పాడవుతుంది, బాగు చేయించుకుంటాం. అడిగిన ప్రశ్నకు మీ మనుషులు ఒక్కరు కూడా సమాధానం చెప్పకపోవడమే ఈ ఉత్తరం రాయిస్తోంది.

మొదట మీ ఏలూరు సర్వీస్ సెంటర్‌కే వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ బండి ఎక్కలేదు, బానెట్ ఎత్తలేదు, పెడల్ మీద కాలు పెట్టలేదు. "క్లచ్ ప్లేట్లు పోయాయి సార్, మీరు హాఫ్ క్లచ్‌లో, పెడల్ సగం తొక్కే ఉంచి నడుపుతారు కదా, వారంటీలో రాదు" అన్నాడు. నేను ఎలా నడుపుతానో ఆయన ఎప్పుడు చూశాడు? ప్లేట్ అరిగితే క్లచ్ జారుతుంది, ఇంజన్ మోత పెరిగినా బండి లాగదు. నా కారుది దానికి పూర్తిగా ఎదురు లక్షణం. ఇక్కడ క్లచ్ పట్టడం లేదని కాదు, విడవడం లేదని గోల. నాలుగైదుసార్లు గబగబా తొక్కితే గేరు పడుతుంది, కాసేపు ఆగి తొక్కితే పడదు. క్లచ్‌ను నడిపే ఆయిల్ పైపులో గాలి చేరిందనడానికి ఇంతకన్నా ఏం గుర్తు కావాలి? ఆయిల్ నొక్కినా కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. మన కాలి బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది, గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ దాకా చేరదు. ఈ ముక్క నేను చెబుతుంటే ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

గట్టిగా పట్టుబడితే, చివరికి "ఎయిర్ తీసి ఇస్తాం సార్" అని బండి లోపలికి తీసుకున్నారు. డబ్బు కట్టించుకున్నారు. పని జరిగేచోటికి కస్టమర్లు రాకూడదన్నారు. అద్దం లోంచి చూస్తే బల్ల మీద మూత లేని బ్రేక్ ఆయిల్ డబ్బా కనిపించింది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందని మీ మెకానిక్‌లకు ఎవరూ చెప్పలేదా? ఈ కారుకు వాడే డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక 155 డిగ్రీలకే మరగవచ్చు. ఈ కారులో బ్రేకుకూ క్లచ్‌కూ ఆయిల్ ట్యాంకు ఒక్కటే. అంటే బల్ల మీది ఆ డబ్బాలోది మా బ్రేకుల్లోకీ వెళ్తుంది. అడిగితే "అలాంటిదేం లేదు సార్" అన్నారు. జాబ్ కార్డులో "క్లచ్ అడ్జస్ట్ చేశాం" అని రాశారు. ఆయిల్‌తో పనిచేసే ఈ హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్ ఉండదు, మరి ఏం అడ్జస్ట్ చేశారు?

బండి తెచ్చుకున్న వారంలోనే కలపర్రు టోల్‌గేటు దగ్గర లైన్లో ఉండగా పెడల్ మళ్లీ మెత్తబడిపోయింది. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకునే ఉన్నాను, బండి దానంతటదే ముందున్న లారీ వైపు కదిలింది. పక్కన మా అమ్మ. బ్రేకు మీద నిలబడితే గానీ ఆగలేదు, ఇంజన్ ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు. ఆ రోజు అమ్మ ముఖం చూశాక, ఈ విషయాన్ని వదిలిపెట్టకూడదని అనుకున్నాను.

మీ కాల్ సెంటర్ గురించి ఇక చెప్పాలి. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ ఛాసిస్ నంబర్, కిలోమీటర్లు, కొన్న తేదీ మొదటినుంచీ. తెలుగు నొక్కితే హిందీలో ఎత్తుతారు. "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, సంబంధిత విభాగం 48 గంటల్లో సంప్రదిస్తుంది" అని కాగితంలోది చదివి పెట్టేస్తారు. ఆ విభాగం ఎవరిది, దానికి మనిషి ఉన్నాడా, ఆయనకు పేరుందా అని అడిగితే "ఆ వివరాలు మా దగ్గర ఉండవు సార్" అంటారు. ఒకమ్మాయి మాత్రం నిజం చెప్పింది. "మేం ఎంట్రీ చేసి డీలర్‌కే పంపుతాం సార్, వాళ్లు క్లోజ్ చేస్తే ఇక్కడ క్లోజ్ అయిపోతుంది" అంది. ఎవరి మీద ఫిర్యాదు చేశానో వాళ్ల చేతికే ఆ ఫిర్యాదును మూసే అధికారం ఇచ్చారన్నమాట! ఆ అమ్మాయిని ఏమీ అనకండి. ఇన్ని నెలల్లో నాతో మనిషిలా మాట్లాడింది తనొక్కతే.

మెయిల్ పెడితే నిమిషంలో ఆటోమేటిక్ జవాబు, ఆ తర్వాత మౌనం. మీ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి చేస్తే డీలర్‌తో మాట్లాడమన్నారు, డీలర్ కంపెనీతో మాట్లాడమన్నాడు. ఏరియా మేనేజర్ గారు "మీటింగ్‌లో ఉన్నారు" తప్ప ఇంకెక్కడా ఉన్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు. వీటన్నిటి మధ్యా సర్వీస్ అడ్వైజర్ నుంచి మాత్రం ఫోన్లు ఆగలేదు. దేనికనుకున్నారు? "కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్, దయచేసి పదికి పది ఇవ్వండి, తక్కువిస్తే మా ఇన్సెంటివ్ కట్ అవుతుంది" అని. బండి బాగు చేయని చోట మార్కుల కోసం బతిమాలించే పద్ధతి ఎవరు పెట్టారండీ? ఆ కుర్రాడి ఇన్సెంటివ్ పోతే ఆ పాపం నాది కాదు, మీది.

చివరికి ఒక ఆదివారం మా తమ్ముడూ నేనూ ఇంట్లోనే ఎయిర్ తీశాం. మీ మాన్యువల్లో చెప్పిన డాట్ 4 సీలు డబ్బా కొన్నాం, మెడికల్ షాపులో సెలైన్ పైపు తెచ్చాం. పైపు ఒక కొస స్లేవ్ దగ్గర గాలి వదిలే నిపుల్‌కు, ఇంకో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలోకి. తమ్ముడు పెడల్ తొక్కి పట్టుకుంటే నేను నిపుల్ పావు తిప్పు వదులు చేయడం, బిగించాక మాత్రమే వాడు కాలు తీయడం. కారు ట్యాంకులో ఆయిల్ కనిష్ఠ గీత దిగకుండా మా ఆవిడ చూసుకుంటూ పోసింది. ముందు నల్లటి ఆయిల్, దానితో సోడా పొంగినట్టు బుడగలు. బుడగలు ఆగేదాకా చేశాం. పెడల్ గట్టిపడింది, గేర్లు వెన్నలా పడ్డాయి. మీ ట్రైనింగ్ పొందిన మెకానిక్‌లు డబ్బు తీసుకుని చేయనిది, ముగ్గురం మధ్యాహ్నం భోజనం వేళకు ముగించాం.

కానీ కొద్ది రోజులకే మళ్లీ మొదటికొచ్చింది. గాలి ఊరికే పుట్టదు, ఎక్కడో దారి ఉండబట్టే లోపలికి వస్తోంది. నిజానికి ఆ దారి ఎక్కడుందో మీకు ఎప్పుడో చూపించాను. పెడల్ వెనక, ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌లోంచి వచ్చే పుష్‌రాడ్ (పెడల్ నెట్టే కడ్డీ) చుట్టూ వేలు పెడితే తడి అంటుకుంటుంది. కింద మ్యాట్ మీద మరక ఉంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ సీలు పోయింది. ఇంట్లో మేం స్పానర్ పట్టుకోకముందే ఈ తడిని, మరకను ఫోటోలు తీసి మీకు మెయిల్ చేశాను, తేదీ మీ దగ్గరా ఉంది. దాన్ని ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం మీ డీలర్ "బయట విప్పారు కాబట్టి వారంటీ చెల్లదు" అంటున్నాడు. నేను విప్పింది స్లేవ్ దగ్గరి నిపుల్. కారుతున్నది క్యాబిన్‌లోని మాస్టర్ సిలిండర్. ఈ రెండిటికీ ఏం సంబంధమో కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే ఒక్కరూ ముందుకు రావడం లేదు.

మా నాన్నగారు కొన్న మొదటి కారు మీ కంపెనీదే. మా బావగారి చేత, మా ఆఫీసులో ఇద్దరి చేత నేనే చెప్పి కొనిపించాను. వాళ్లు ఇప్పుడు "నీ కారు సంగతేమైంది?" అని అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. ఎక్స్‌టెండెడ్ వారంటీకి అదనంగా డబ్బు కట్టాను కూడా. తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగకుండా తీసుకున్నారు.

నా ఎదురుగా మాస్టర్ సిలిండర్ విప్పి చూడండి, పాడైతే వారంటీలో మార్చండి, జాబ్ కార్డులో జరిగింది జరిగినట్టు రాయండి. అంతకన్నా ముందు, మీ కంపెనీలో ఈ విషయానికి బాధ్యుడైన ఒక మనిషి పేరు పెట్టి నాకు జవాబు రాయాలి. ఆటోమేటిక్ మెసేజ్ కాదు, ఉత్తరం.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు కూడా ఉండదని, లాయరు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చని తెలుసుకునే రాస్తున్నాను. పరిష్కారమైందంటూ మీరు పంపిన మెసేజ్‌లు, తడి పుష్‌రాడ్ ఫోటోలు, అడ్జస్ట్ చేశామని రాసిన జాబ్ కార్డు, అన్నీ అక్కడ పెడతాను. సేవలో లోపానికి పరిహారం, కోర్టు ఖర్చులు, మా అమ్మ ఆ టోల్‌గేటు దగ్గర పడ్డ భయానికి కూడా లెక్క అడుగుతాను. ఆ రోజు కమిషన్ ముందైనా మీ తరఫున ఎవరో ఒకరు పేరు చెప్పుకుని నిలబడక తప్పదు.

జతపరిచినవి: జాబ్ కార్డు, రసీదు, ఫోటోలు, మెసేజ్‌ల నకళ్లు.

ఇట్లు,
మీ కారు యజమాని,
ఏలూరు