పసిబిడ్డ కార్డు తల్లి చదవగలిగే భాషలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నేను పర్లాకిమిడిలో ఉంటున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా, అంటే తల్లీబిడ్డలను చూసుకునే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది గానీ, మా తెలుగు కుటుంబాల పెళ్లి సంబంధాలు నేటికీ ఆంధ్రలోని పాతపట్నం, టెక్కలి, పాలకొండ వైపు సాగుతూనే ఉన్నాయి. పురుటికి ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తవారింటికి రావడం మాకు మామూలే. ఈ రాకపోకల్లో పసిబిడ్డల సంరక్షణకు గండి పడుతోంది.

ఈమధ్య మా వీధికి ఒక కోడలు మూడు నెలల పాపతో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చింది. అక్కడిచ్చిన, టీకాల వివరాలుండే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డబ్బా మీద భద్రంగా ఉంచుకుంది. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ వచ్చి అడిగితే తీసి ఇచ్చింది. తెలుగులో ఉన్న ఆ కార్డును దీదీ చదవలేకపోయింది, దీదీ ఇచ్చిన ఒడియా కార్డును ఈ అమ్మాయి చదవలేకపోయింది. ఆరో వారం టీకాలు పడ్డాయనీ, పదో వారానివి పడలేదనీ నేను కళ్లద్దాలు పెట్టుకుని ఇద్దరికీ చెప్పవలసి వచ్చింది. తప్పిన టీకాలు మొదటి నుంచి మళ్లీ వేయించనక్కరలేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే చాలు అని చెప్పేసరికి ఆ తల్లి ముఖం తేటపడింది.

టీకా ఆలస్యమైతే సరిదిద్దుకోవచ్చు గానీ, ప్రమాద సూచనను గుర్తించడంలో ఆలస్యమైతే బిడ్డ దక్కకపోవచ్చు. ఆసుపత్రిలో పురుడైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఊరు మారిన తల్లికి ఈ ఆరింటిలో కొన్ని తప్పిపోతాయి, జరిగినవాటిలోనూ చెప్పిన మాట సగమే అర్థమవుతుంది. ఆ ఖాళీలోకి ఆముదం చుక్కలు, వస కొమ్ము అరగదీసిన గంధం, తేనె, సాంబ్రాణి పొగ, కళ్లకు కాటుక వచ్చి చేరతాయి. పెద్దవాళ్లు చేసేదంతా తప్పని నేను అనను. ఒంటికి మెత్తగా నూనె రాయడం, బిడ్డను వెచ్చగా ఒడిలో ఉంచుకోవడం మంచివే. కానీ ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, పుట్టిన బిడ్డ రొమ్ములు పిండడం, బొడ్డుకు పసుపో బూడిదో అద్దడం మానుకోవాలి. బొడ్డు పొడిగా ఉంటే దానంతటదే ఊడిపోతుంది. ముర్రుపాలు పారబోయకూడదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వాలి, నడివేసవిలోనైనా మంచినీళ్లు అక్కరలేదు. కడుపు ఉబ్బిందని కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే అలవాటు నవరంగపూర్ వైపు పల్లెల్లో ఇప్పటికీ పూర్తిగా పోలేదని తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

తల్లికి ముందుగా నేర్పవలసింది ఊపిరి లెక్కపెట్టడం. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, గోడ గడియారం చూస్తూ పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిండా ఒక నిమిషం లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆపైన ఏడాది లోపు బిడ్డకు 50, లేదా అంతకు మించి వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే రేపు చూద్దామనుకోకూడదు. ఒళ్లు చల్లబడినా, బిడ్డ పాలు తాగడం మానేసినా అంతే. పుట్టిన తొలి 24 గంటల్లోనే కామెర్లు కనిపించినా, తరువాత అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, ఎండకు పెడితే పోతాయని ఇంట్లో కూర్చోకూడదు. విరేచనాలైతే పాలు ఆపకుండా ఓఆర్‌ఎస్ పట్టాలి, డాక్టరు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులూ వేయాలి. నాలుగు రోజులకు తగ్గిందని మందు మానేసే ఇళ్లను నేను చాలా చూశాను.

ఇవన్నీ ఆ కార్డులోనే బొమ్మలతో సహా ఉన్నాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో తెలుగు తల్లులకు ఇచ్చే కార్డులో కనీసం ప్రమాద సూచనల పుట, టీకాల పట్టిక రెండు భాషల్లో అచ్చువేయాలని ఒడిశా ఆరోగ్య శాఖను కోరుతున్నాను. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల అధికారులు కూడా, అత్తవారింటికి వెళ్లే బాలింత కార్డులో ఏ టీకా ఏ తేదీన పడిందో, బిడ్డ బరువు ఎంతో ఇంగ్లీషు అంకెల్లో స్పష్టంగా రాసి పంపేలా చూడాలి. తారీఖు అలికినట్టుంటే ఏ భాషలో రాసినా ఒకటే.

మీ పత్రిక సరిహద్దు ప్రాంతాల పుటలో వారానికి ఒక్కసారైనా ఈ విషయాలకు కొంత చోటు ఇవ్వాలని ప్రార్థన. ఒడియా కార్డులోని ప్రమాద సూచనల పుటను నేను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి మా వీధి అంగన్‌వాడీ గోడకు అంటించాను. దాని నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. వీలైతే అచ్చువేయండి.

ఇట్లు,
విశ్రాంత ఏఎన్‌ఎం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా